బుర్సాలో ఒక్కసారి వేడిగా

మా చిన్నమ్మ పోయిందని ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసేసరికి నేను దోహా ఎయిర్‌పోర్టు నుంచి అతిథులను ఎక్కించుకుని వస్తున్నాను. ప్రపంచ కప్పు కోసం మళ్ళీ తవ్విన రోడ్డు మీద బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. కొత్త స్టేడియం ఎటువైపని వెనక సీట్లోవాళ్ళు అడిగారు. చెయ్యెత్తి చూపించాను.

సొంత చిన్నమ్మ కాదు. ఇద్దరిదీ కడప జిల్లా, ఇద్దరం ఒకే ఇంట్లో పని. ఆవిడ వంట, నేను డ్రైవరు. ఆ మధ్యాహ్నం వంట ముగించి పొయ్యి దగ్గరే కూలిపోయింది. అంబులెన్సు వచ్చింది. వెంట వెళ్తానంటే మేడమ్ ఒప్పుకోలేదు. "అక్కడ డాక్టర్లున్నారు కదా, నువ్వెందుకు? ముందు గెస్టులు" అంది. అలా ఆవిడ ఒంటరిగా ఆసుపత్రికి పోయింది, నేను ఎయిర్‌పోర్టుకు పోయాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు.

పోయిన శుక్రవారం దోహాలోనే ఉమ్ ఘువైలినా పేటలో మా జిల్లావాళ్ళ గదిలో అందరం కలిసి ఆవిడను తలుచుకున్నాం. "పుణ్యాత్మురాలప్పా, మంచాన పడకుండా పోయింది" అన్నాడొకాయన టీ తాగుతూ. నాకు ఒళ్ళు మండిపోయింది. మంచాన పడే తీరిక ఆవిడకు ఎవరిచ్చారు?

మీలో ఎవరికీ ఆవిడ తెలిసి ఉండదు, అందుకే చెబుతున్నాను. మేం పనిచేసే ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఇంటివాళ్ళు తిని, టీలు తాగి, ఇక చాలన్నాకే పనివాళ్ళు తినాలి. అప్పటికి మిగులుతుందో లేదోనని చిన్నమ్మ మా ఇద్దరి వాటా ముందే తీసి, రెండు పళ్ళేలకు మూతలు పెట్టి, కిటికీ గట్టు మీద ఉంచేది. మేం తినే వేళకు అన్నం బిరుసెక్కేది, కూర మీద నూనె పేరుకునేది. నేను గొణిగితే, "చల్లారితేనే గదరా నాయనా రుచి తెలిసేది" అనేది. నిజమే కాబోలని నేనూ సరిపెట్టుకునేవాణ్ణి.

ఊరి ముఖం చూసి ఆవిడకు చాలా ఏళ్ళయింది. సెలవు అడిగినప్పుడల్లా మేడమ్ ఒకటే మాట, "బాదేన్". తర్వాత చూద్దామని. కొత్త ఇంట్లోకి మారాక అన్నారు. ఇంట్లో ముసలావిడ, ఆ పెద్దావిడ కాలు నయమయ్యాక అన్నారు. చివరికి కప్పు అయిపోయాక అన్నారు. ఆటలు మొదలుకాకముందే అతిథులు మొదలయ్యారు. ఇప్పుడు చూడండి, ఆవిడ పోయిన మర్నాడే ఆవిడ పాస్‌పోర్టు మేడమ్ బీరువాలోంచి బయటికి వచ్చింది. శవాన్ని పెట్టెలో ఊరికి పంపడానికి ఏ బాదేనూ అడ్డు రాలేదు.

ఆ బాదేన్‌ల నడుమే ఒకసారి ఇంటివాళ్ళు టర్కీలోని బుర్సాకు వెళ్ళారు. పెద్దావిడ చక్రాల కుర్చీ ఎత్తడానికి నన్ను, ఆవిడకు పథ్యం వండడానికి చిన్నమ్మను వెంట తీసుకెళ్ళారు. అది పూర్వం సుల్తానుల రాజధానట. మేం వెళ్ళింది మొదలు వానే. ఒకరోజు వాళ్ళంతా వేడినీటి స్నానాలకు వెళుతూ సాయంత్రం దాకా మమ్మల్ని వదిలేశారు. హోటలువాళ్ళ గొడుగు ఒకటి పట్టుకుని బయటపడ్డాం.

రాళ్ళు పరిచిన సందులు, జారుడు. చిన్నమ్మ నా మోచేయి గట్టిగా పట్టుకుని నడిచింది. పెద్ద మసీదులోకి తొంగిచూస్తే లోపల నడిమధ్యన నీళ్ళ కొలను. "బయట ఇంత వాన పెట్టుకొని లోపల కూడా నీళ్ళేంది రా వీళ్ళకి" అని నవ్వింది. పట్టు బజారులో ఒక్కో గుడ్డనూ వేళ్ళతో తడిమి చూసింది. నువ్వులద్దిన గుండ్రటి రొట్టె కొని చెరిసగం తిన్నాం. పాకంలో ఉడికించిన చెస్ట్‌నట్ గింజ నోట్లో వేసుకుని, "గెనుసుగడ్డ మాదిరే ఉండాది" అని తేల్చేసింది.

వాన పెద్దదైతే ఒక కబాబు హోటల్లో దూరాం. ఏం మాంసమో అని ఆవిడకు అనుమానం. మాకు వాళ్ళ భాష రాదు. చిన్నమ్మ ఏమాత్రం మొహమాటపడకుండా వడ్డించేవాడి మొహంలోకి చూసి "మే... మే" అంది. అతను నవ్వి తనూ "మే" అన్నాడు. గొర్రే అని తేలింది. రొట్టెముక్కల మీద పలచటి మాంసం, పక్కన పెరుగు. అతను బల్ల దగ్గరికే వచ్చి, మరిగే వెన్న చుయ్యిమనేలా పళ్ళెంలో పోశాడు.

చిన్నమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"తిను చిన్నమ్మా."

"అందరూ తినిరా?"

"ఇంకెవరుండారు? మనమిద్దరమే గదా."

చుట్టూ ఒకసారి చూసుకుంది. ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నాలుక కాలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అయినా ఆగలేదు, పళ్ళెం నాకినంత శుభ్రంగా తింది. "ఇన్నాళ్ళూ నీకు అబద్ధం చెప్పినా రా. ఏడేడిగా తింటేనే బాగుండాది" అంది. "ఈసారి ఊరికి పోతే నేను వంటింట్లోకే పోను. నా కూతురు సంగటి కెలికి పెడ్తాది, పొగలు పోతాండంగనే కుచ్చొని తింటా" అంది. ఆవిడ కోరిక మొత్తం అంతే.

ఎక్కడ తిన్నారని మేడమ్ అడిగితే చిన్నమ్మ దాచలేదు. దాచాల్సింది. దోహాకు రాగానే ఆ వంటా నేర్చుకుని చెయ్యమన్నారు. అప్పటి నుంచి వచ్చే పోయే అతిథులకు అదే విందు. భోజనాల గదిలో ఆవిడే వాళ్ళ పళ్ళేల్లో మరిగే వెన్న పోసి వచ్చేది. ఆవిడ పళ్ళెం మాత్రం ఎప్పటిలా కిటికీ గట్టు మీద చల్లారేది.

ఆఖరి రోజు వండిందీ అదే. నేను తెచ్చిన అతిథులు తిని, వంటమనిషి చెయ్యి బంగారమని మెచ్చుకున్నారు. అప్పటికే విషయం మేడమ్‌కు చెప్పి ఉన్నాను. ఆమె వాళ్ళకు థాంక్స్ చెప్పింది. ఆ చెయ్యి ఇప్పుడెక్కడుందో చెప్పలేదు.

వంటింట్లోకి వెళ్ళాను. గట్టు మీద రెండు పళ్ళేలు, మూతలతో. ఒకటి నాది, ఒకటి ఆవిడది. ఆవిడ పళ్ళెంలోది పొయ్యి మీద వేడి చేశాను. వెన్న కాచి చుయ్యిమనేలా పోశాను. ఆవిడ కూర్చునే స్టూలు ముందు పెట్టి, "కుచ్చొని తిను చిన్నమ్మా" అన్నాను. ఆవిరి లేస్తోంది.

"డ్రైవర్, యల్లా" అని, త్వరగా రమ్మని మేడమ్ కేక వేసింది. అతిథులను హోటల్లో దింపాలట. వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి ఆవిరి లేదు. పళ్ళెం అంచుల దగ్గర వెన్న మళ్ళీ తెల్లగా గడ్డకడుతోంది.