చెవుల కాపలా

మా అత్తమ్మ పోయిన నెల మొగుళ్లపల్లిలో కన్నుమూసింది. మహబూబాబాద్‌లో నేను పాఠాలు చెప్పే బడిలో ఉండగా కబురు వచ్చింది. ఆమె కొడుకు పరకాల పోయి అక్కడి నుంచి ఫోను చేశాడు. హెడ్మాస్టరు గదిలో నిలబడి విన్నాను.

"బావా, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది. జర సేపు పండుకుంట అన్నది. గంతే."

సరేనన్నాను. నా బిడ్డ అదే బడిలో చదువుతోంది. దాన్ని వెంటబెట్టుకొని వరంగల్ బండి ఎక్కాను. దారిలో అది ఏడ్చింది. నేను కిటికీ వైపు కూర్చున్నాను.

అత్తమ్మ గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. చదివేవారికి ఆమె తెలియదు. ఆమె ఊరు దాటి పెద్దగా తిరిగిన మనిషి కాదు. కానీ నా బిడ్డ ఈ రోజు వింటోందంటే, మాట్లాడుతోందంటే, అందులో డాక్టరు పని ఎంతో ఆమె పని కూడా అంతే.

మొదట ఒక సంగతి చెప్పాలి. ఆమె నాతో నేరుగా మాట్లాడేది కాదు. అత్త అల్లుడి ఎదుట కూర్చోదు, ముఖం చూసి మాట్లాడదు. మా వైపు పాత ఇళ్లలో అది మర్యాద. నేను ఆమె గొంతు మొదటిసారి విన్నది పెళ్లిచూపుల్లో, అదీ తలుపు వెనుక నుంచి. అది అరవై తొమ్మిది. తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడ్డాయి. నేను జఫర్‌గఢ్‌లో మా ఇంట్లో ఖాళీగా కూర్చున్నాను. మా పెద్దలు చదువు పూర్తి కానిమ్మని నసుగుతుంటే లోపలి నుంచి ఆమె అంది: "కాలేజి తెరిస్తే పిలగాడు మల్ల చేతికి దొరుకుతడా? గీ ఎండకాలమే కానియ్యిండ్రి." అందరూ నవ్వారు. ఆ ఎండాకాలమే పెళ్లయింది.

చాలా ఏళ్ల తర్వాత మాకు ఒక ఆడపిల్ల పుట్టింది. పిల్లకు ఏడాది నిండకముందే నా భార్య కామెర్లతో వరంగల్ దవాఖానలో పోయింది. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను. ఆ రోజు దవాఖాన వరండాలో ఆడవాళ్లంతా గుండెలు బాదుకుంటుంటే, అత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకొని లేచింది. "ఏడ్సుడు రేపు జేద్దాం. పిల్లకు పాలు పట్టాలె. గిన్నె ఏదీ?" అంది. కన్నబిడ్డ శవం లోపల ఉంది. ఆమె గిన్నె వెతుక్కుంటూ పోయింది.

పొలం, ఇల్లు కొడుక్కి అప్పగించి మహబూబాబాద్‌లో నా అద్దె ఇంటికి వచ్చేసింది. నేను ముందు గదిలో ఉంటే ఆమె వంటింట్లో ఉండేది. అన్నం కంచం గడప దగ్గర పెట్టి పక్కకు తప్పుకునేది. నాకు చెప్పాల్సిందంతా పిల్లకు చెప్పేది. "బిడ్డా, మీ నాయినకు చెప్పు, ఉప్పు ఒడిసింది." "బిడ్డా, మీ నాయినను అడుగు, అంగి ఉతికిన, ఇంక మాసిన బట్టలు ఉన్నయా?" పిల్లకు అప్పటికి నడకే సరిగా రాదు. నేను కూడా పిల్లకే జవాబు చెప్పేవాణ్ణి. "సాయంత్రం తెస్తానని అమ్మమ్మకు చెప్పమ్మా." మా ఇద్దరి మధ్య ఆ పసిపిల్ల కూర్చొని చెక్క గరిటె చప్పరిస్తూ ఉండేది.

పిల్లకు చెవిపోటు అప్పటికే మొదలైంది. జలుబు చేస్తుంది, జ్వరం వస్తుంది, చెవి పట్టుకొని ఏడుస్తుంది. తెల్లారేసరికి దిండు మీద చీము మరక. సూది వేయిస్తే తగ్గేది. కొన్నాళ్లకు మళ్లీ అదే. అత్తమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె గోరువెచ్చగా చెవిలో పోసేది. ఆమె తల్లి అలాగే పోసింది. మా అమ్మ కూడా నాకు అలాగే పోసింది. నాకు అందులో తప్పు కనిపించలేదు.

పిల్లకు రెండేళ్లు దాటాయి. మాటలు రాలేదు. అత్తమ్మను 'అ' అనేది. నన్ను ఏమీ అనేది కాదు. ఆలస్యంగా వస్తాయిలే అనుకున్నాను.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. అత్తమ్మ వంటింట్లోంచి "బిడ్డా, ఇటు రా" అని పిలిచింది. పిల్ల నా పక్కనే ఉంది. కదలలేదు. ఆమె మళ్లీ పిలిచింది. దీపం వెలిగించి ఎదురుగా వచ్చి పిలిస్తే పిల్ల నవ్వుతూ లేచింది. అత్తమ్మ దీపం ఆర్పింది. పిలిచింది. పిల్ల కదలలేదు. చీకట్లో ఆమె మాట వినిపించింది, పిల్లకు చెప్తున్నట్టే, నా కోసం:

"బిడ్డా, నువ్వు చెవులతోని ఇంటలేవు. నా మూతి చూసి ఇంటున్నవ్."

ఇన్నాళ్లూ మేము దాని చేత పంపిన కబుర్లు ఏవీ దానికి అందలేదు.

హైదరాబాద్ చెవి డాక్టరు ఒకాయన వారానికోసారి జనగామకు వస్తాడని మా బడి లెక్కల సారు చెప్పాడు. పోయినం. ఇక్కడ 'వెళ్లాము' అని రాయాలి. అత్తమ్మ మాట కలం మీదికి వస్తోంది, ఉండనిస్తాను. డాక్టరు అద్దంతో రెండు చెవులూ చూశాడు.

"అవ్వా, చెవిల ఏం పోసినవ్?"

"నూనె."

"ఇంకేం పోసినవ్?"

"ఎల్లిపాయ నూనె. ఒకపారి ఆకు పసరు. నేనే పోసిన. పిల్ల తండ్రిని ఏమనకు. ఆయన సూదులే ఇప్పిచ్చిండు."

డాక్టరు కోప్పడలేదు. కాగితం మీద చెవి బొమ్మ గీశాడు. చెవిలోపల ఒక పొర ఉంటుంది. దాని వెనుక గాలి ఉండాల్సిన చోట జిగురులాంటి నీరు నిండి గడ్డకట్టింది. మాటిమాటికి చీము పట్టడం అందుకే, పొర కదలక మాట వినపడకపోవడం కూడా అందుకే. మీరు పోసిన నూనె పొర ఇవతలే ఆగిపోయింది, లోపలికి పోనే పోలేదు. పొరకు చిన్న గాటు పెట్టి, జిగురు లాగేసి, ఆ రంధ్రంలో బియ్యపు గింజలో సగం ఉండే గొట్టం పెడతాం. రెండు చెవులకూ. మత్తు ఇచ్చి చేయాలి, హైదరాబాద్ రావాలి. ఇదీ ఆయన చెప్పింది.

"చెవిల పైపు పెడతరా?" అంది అత్తమ్మ. "నా మనుమరాలి చెవి ఏమన్న బోరింగా?"

"బోరింగే అనుకో అవ్వా. నీళ్లు బయటికి, గాలి లోపటికి."

"బోరింగు కరాబైతే బాగు చేసెటోడు నెలకు గాని రాడు. గిదైతే ఎట్ల?"

"కరాబు గాదు. నేను వారం వారం వస్తనే ఉంటగదా."

ఆమె పైకి నవ్వలేదు కానీ డాక్టరు ఆమెకు నచ్చాడని నాకు తెలిసింది.

హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ రోజు పొద్దున మత్తు ఇచ్చేందుకు తండ్రి సంతకం అడిగారు. మత్తులో ప్రమాదం అరుదు, కానీ ఉండొచ్చని నర్సు చెప్పింది. నేను కలం పట్టుకొని నిలబడ్డాను. రాయలేకపోయాను. వాసన వరంగల్ దవాఖాన వాసనే. వరండా కూడా అలాంటిదే. నర్సు రెండుసార్లు పిలిచింది. వచ్చే వారం వస్తామని చెబుదామని నోరు తెరిచాను.

అత్తమ్మ పిల్లను చంకనేసుకొని గోడ వారగా ఉంది. దగ్గరికి వచ్చింది. నా ముఖం చూసింది. అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

"అల్లుడా, సంతకం పెట్టు. నా బిడ్డ దవాఖానలనే పోయింది. నాకు భయం లేదా? నీకంటె ఎక్కువ ఉన్నది. మన భయానికి దీన్ని మూగదాన్ని చెయ్యొద్దు. పెట్టు."

పెట్టాను.

ఎంతోసేపు పట్టలేదు. పిల్ల బయటికి వచ్చి ఏడ్చి పడుకుంది. లేచాక, అత్తమ్మ చేతిలోంచి చెంచా జారి పడింది. పిల్ల ఉలిక్కిపడి తిరిగి చూసింది. అత్తమ్మ దాని వెనక్కి వెళ్లి మళ్లీ పడేసింది. పిల్ల మళ్లీ తిరిగింది. ఆమె మంచం చుట్టూ తిరుగుతూ అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి చెంచా పడేయడం మొదలుపెట్టింది. నర్సు పరుగున వచ్చింది.

"ఏందవ్వా ఆ సప్పుడు? అవతల పేషెంట్లు పండుకున్నరు."

"నా మనుమరాలు ఇనాలని ఏస్తున్న. నువ్వెందుకు ఇంటున్నవమ్మా?"

నర్సు నవ్వాపుకోలేక చెంచా లాక్కొని పోయింది.

ఇంటికి పంపేముందు డాక్టరు ఒకటే మాట గట్టిగా చెప్పాడు. ఇప్పుడు పొరలో దారి ఉంది, చెవిలో ఏది పడినా లోపలికి పోతుంది. నీళ్లు పడొద్దు. నూనె అసలే వద్దు. నాకు అక్కడే దిగులు పట్టుకుంది. తలంటుకు ముందు చెవిలో నూనె పోయడం ఆమెకు చిన్నప్పటి నుంచి చేతికి వచ్చిన పని. వద్దని నేనెట్లా చెప్పాలి? ఎవరి చేత చెప్పించాలి?

చెప్పనక్కర లేకపోయింది. ఆదివారం పెరట్లో పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుంది. డాక్టరు చూపించినట్టే దూదికి వాజిలిన్ పట్టించి చెవుల బయట మూసింది. పక్కింటామె గోడ మీదుగా చూసింది.

"ఏందక్కా, చెవిల నూనె పొయ్యవా? పిల్ల చెవులు ఎండిపోతయ్."

"పోసి పోసి చూసిన. ఇగ బంద్."

"మన ముసలోళ్లు పొయ్యలేదా?"

"పోసిన్రు. నేను గూడ ముసలిదాన్నే. ముసలిదాన్నే చెప్తున్న, బంద్."

నేను లోపలి నుంచి విన్నాను. అన్నేళ్ల అలవాటును ఒక బొమ్మ చూసి, ఒకసారి విని వదిలేసింది. నేను కాలేజీలో సైన్సు చదివాను. నాకు సిగరెట్టు మానడానికి పదేళ్లు పట్టింది.

ఆ తర్వాత ఆమె కాపలా చూడాలి. జఫర్‌గఢ్‌లో మా తమ్ముడి పెళ్లికి పోతే, ఆడవాళ్లు నలుగు పెట్టి పిల్లలందరికీ నూనె రాస్తున్నారు. అత్తమ్మ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకొని రెండు చెవులూ తన అరచేతులతో మూసింది. "ఎక్కడన్న రాయిండ్రి. చెవుల దిక్కు మాత్రం రావొద్దు" అంది. మా పెద్దమ్మ "వియ్యపురాలా, పిల్ల చెవుల బంగారం పెట్టినవా ఏంది?" అని ఎగతాళి చేసింది. "బంగారం పోతే మల్ల కొనుక్కుంటం వదినా" అంది అత్తమ్మ, చేతులు తీయకుండా. ఆ రోజు ఆమె తిన్నది అందరూ తిన్నాకే.

పిల్లకు చీము పట్టడం ఆగిపోయింది. మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. అన్నీ అత్తమ్మ మాటలే. తెల్లారిన దగ్గర నుంచి ఆమె దానితో మాట్లాడుతూనే ఉండేది. ఇది అన్నం బుక్క, ఇది నీళ్ల సర్వ, అది బర్రె, గది దాని దుడ్డె.

ఏడాది కావస్తుండగా ఒక మధ్యాహ్నం ఆమె పిల్లను చేయి పట్టుకొని బడికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. స్టాఫ్ రూము ముందు నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది. మా ఉపాధ్యాయులంతా చూస్తున్నారు. ఆమె కొంగు ముడి పట్టుకొని, పిల్లకు చెప్పింది.

"బిడ్డా, మీ నాయినకు చెప్పు, చెవిల పైపు ఊడి దూదిల వచ్చిందని."

పిల్ల నా వైపు తిరిగింది.

"నాయినా, పైపు ఊడింది. దూదిల వచ్చింది."

కబురు పిల్ల నోటితో నాకు అందింది. అత్తమ్మకు అది తట్టనే లేదు. ఆమె ధ్యాసంతా ముడిలో కట్టుకున్న పైపు మీదే ఉంది. నేను ఎందుకు నవ్వుతున్నానో, కళ్లు ఎందుకు తుడుచుకుంటున్నానో అర్థంకాక, "మీ నాయినకు చెప్పు బిడ్డా, ఇది నవ్వే ముచ్చట గాదని" అంది. పిల్ల అది కూడా చెప్పింది.

జనగామలో డాక్టరు ఆ చిన్న గొట్టాన్ని వేలి మీద పెట్టుకొని చూశాడు. చెవి చూశాడు.

"మల్ల పెట్టు డాక్టరయ్యా" అంది అత్తమ్మ. "నేను పైలంగనే చూసుకున్న. ఎట్ల ఊడిందో ఏమో."

"పని అయిపోయిందవ్వా. అది దానంతటదే ఊడాలె. పొర మూసుకపోయింది. రెండోది గూడ రేపో మాపో వస్తది."

ఆమె కాసేపు నమ్మలేదు. తర్వాత బల్ల మీద కూర్చుంది. చాలాసేపు లేవలేదు. ఏడ్పు రేపటికి వాయిదా వేసిన మనిషి, ఆ రోజు అక్కడ ఏడ్చింది. నేను పిల్లను తీసుకొని బయట నిలబడ్డాను.

పిల్లకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా మా ఇంట్లో ఉండి, తన పనైపోయిందని మొగుళ్లపల్లి వెళ్లిపోయింది. దవాఖానలో ఆ ఒక్కరోజు తప్ప మళ్లీ నాతో నేరుగా మాట్లాడలేదు. నేనూ అడగలేదు. ఆమెకు కృతజ్ఞత చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. పిల్ల చేత చెప్పించే మాట కాదు కదా.

పదకొండో రోజు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున మొగుళ్లపల్లి ఇంటి వెనుక నా బిడ్డ నా వైపు వీపు పెట్టి కూర్చొని, చేటలో బియ్యం ఏరుతోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. పిలవాలని కాదు, ఊరికే నా నోటికి వచ్చింది.

"బిడ్డా."

మెల్లగా అన్నాను. నాకే సరిగా వినపడలేదు.

"ఆఁ, చెప్పు నాయినా" అంది, తల తిప్పకుండా. దాని వేళ్లు బియ్యంలో కదులుతూనే ఉన్నాయి.