జిమ్మీ ఉపవాసం

పక్క ఫ్లాట్‌లో ఎండురొయ్యలు వేయిస్తున్నారు. ఆ వాసనకి బందరులో మా వరండా, సత్తుగిన్నె, దాని ముందు కూర్చున్న జిమ్మీ గుర్తొచ్చాయి.

జిమ్మీ మా పొట్టి టెర్రియర్. మా ఇంట్లో ప్రార్థన చేయకుండా ఎవరూ ముద్ద ముట్టరు. అందుకని నేను "ఆమెన్" అనేదాకా గిన్నె జోలికి వెళ్లకూడదని దానికి నెలరోజులు కష్టపడి నేర్పాను.

ఓరోజు అందరం అవనిగడ్డలో పెళ్లికి బయల్దేరాం. బస్సు వెళ్లిపోతుందని నాన్న కేకలేస్తుంటే, రొయ్యలన్నం దాని ముందు పెట్టేసి పరుగెత్తాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఎదురింటి అత్తయ్యగారు గేటు దగ్గరే ఆపారు.

"మీ కుక్కకి ఒంట్లో బాలేదేమోనమ్మా. పొద్దుట్నుంచీ మెతుకు ముట్టలేదు. గిన్నె మీద కాకి వాలితే మాత్రం తరిమేస్తోంది."

"జబ్బు కాదండీ, ఉపవాస ప్రార్థన!" అన్నాను గర్వంగా.

జిమ్మీ నన్ను చూసి తోకాడించింది గానీ కదల్లేదు. "ఆమెన్" అన్నాను. ఎండిపోయిన మెతుకులు కూడా మిగల్చకుండా గిన్నె నాకేసింది.

సండేస్కూల్లో దాని భక్తి గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నానో! అది కూర్చున్నది దేవుడి కోసం కాదని, నేను మర్చిపోయిన ఒక్క మాట కోసమని తెలిసేనాటికి జిమ్మీ లేదు.

ఇప్పటికీ భోజనాల దగ్గర ఆమెన్ కాస్త గట్టిగానే అంటాను.