సూరన్న మీద వచ్చిన ఫిర్యాదు

కరోనా సద్దుమణిగిన మరుసటి జూన్‌లో, రాజమండ్రిలోని ఒక వీడియో గేముల స్టూడియోలో ప్రధాన రచయిత్రిగా చేరాను. అప్పటికి నాకు యాభై ఏడేళ్లు. అంతకుముందు పాతికేళ్లపాటు హైదరాబాదులో హిందీ సీరియళ్లకు తెలుగు డబ్బింగ్ మాటలు రాశాను. గోదావరి జిల్లాల నేపథ్యంలో తెలుగులోనే ఒక రోల్ ప్లేయింగ్ గేమ్ తయారుచేస్తున్నామని, ఇక్కడి మాట తెలిసిన మనిషి కావాలని వాళ్లు పిలిచారు. మాది పాలకొల్లు. నాన్నకు బజార్లో కిరాణా కొట్టు ఉండేది. సొంత ఊరికి దగ్గరౌతుంది కదా అని ఒప్పుకున్నాను. ఈ వయసులో గేములేంటని మా చెల్లెలు నవ్వింది. మూడేళ్లు చేసి, అరవై నిండగానే రిటైరయ్యాను.

ఈ రంగం తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. రోల్ ప్లేయింగ్ గేమ్‌లో ఆడేవాడు ఒక పాత్రలో దిగి ఊళ్లు తిరుగుతాడు. ఏం మాట్లాడాడు, ఏం చేశాడు అన్నదాన్ని బట్టి కథ మారిపోతూ ఉంటుంది. ఒంటరిగా తిరిగితే విసుగు కాబట్టి అతని వెంట ఒక సహచర పాత్రను పెడతాం. ఆ పాత్ర ఆటగాడి చేతిలో ఉండదు. తనే నడుస్తుంది, మాట్లాడుతుంది, అలుగుతుంది, సాయపడుతుంది. లోపల మాత్రం సున్నా నుంచి వంద దాకా కంటికి కనిపించని ఒక అంకె నడుస్తూ ఉంటుంది. దాన్ని మేం ‘నమ్మకం’ అనేవాళ్లం. ఆటగాడు మంచిగా మాట్లాడినా, చుట్ట ఇచ్చినా, అన్నం పెట్టినా అది పెరుగుతుంది. అబద్ధమాడితే తగ్గుతుంది.

మా గేమ్‌లో సహచరుడు సూరన్న అనే పడవవాడు. అతన్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా రాసింది నేనే. కథ చివర్లో వరద వస్తుంది. చంటిబిడ్డతో ఉన్న ఒక ఆడమనిషి ఏటి మధ్యలో కొట్టుకుపోతూ కేక పెడుతుంది. నమ్మకం డెబ్బై దాటితే సూరన్న తన వల తాడు కోసేసి, పడవ అటు తిప్పి నీళ్లలోకి దూకుతాడు. డెబ్బైకి తక్కువైతే ఆటగాడి మొహంలోకి చూసి, “మీకోసం నా ప్రాణం ఎందుకండీ పెట్టాలి?” అని పడవ ఒడ్డుకు మళ్లిస్తాడు. ఈ మలుపు చూసుకుని నేను మురిసిపోయాను. వీరుణ్ణి ఆటగాడే సంపాదించుకోవాలి అని మీటింగుల్లో గొప్పలు పోయేదాన్ని.

స్టూడియోలో నలభై మంది ఉండేవాళ్లు. అందరి పైన ప్రొడ్యూసర్, ఆయన కింద నాలాంటి విభాగాధిపతులు, ఆ తరవాత డిజైనర్లు, ప్రోగ్రామర్లు. అట్టడుగున ఆరుగురు టెస్టర్లు. వీళ్లు రోజంతా గేము ఆడి తప్పులు పట్టాలి. ఒక్కో తప్పుకు ఒక్కో టికెట్టు రాస్తారు. ఏం చేస్తే వచ్చింది, ఏం జరగాలి, ఏం జరుగుతోంది అని అందులో మూడు గళ్లు ఉంటాయి. పక్కన తీవ్రతకు ఒక గ్రేడు పెట్టాలి. గేము పూర్తిగా ఆగిపోయే తప్పుకే ‘ఏ’ గ్రేడు. టికెట్టు ఎవరి విభాగానిదైతే వాళ్లు దాన్ని చూసి, సరిచేశామనో, ‘అనుకున్నట్టే ఉంది’ అనో రాసి మూసేస్తారు. ‘అనుకున్నట్టే ఉంది’ అంటే తప్పు గేములో లేదు, టెస్టరు బుర్రలో ఉంది అని మర్యాదగా చెప్పడం. అలాంటివి ఎక్కువైతే ఆరు నెలలకోసారి వచ్చే కాంట్రాక్టు పొడిగింపు దగ్గర దెబ్బ పడుతుంది.

ఆ టెస్టర్లలో వీరలక్ష్మి ఒకతె. పాతికేళ్లుంటాయి. నరసాపురం అవతల సముద్రం దగ్గరి ఊరు, చేపలు పట్టే కుటుంబం. తండ్రికి చూపు తగ్గి పడవ ఎక్కడం మానేశాక ఆ ఇంటికి ఈ అమ్మాయి జీతమే ఆధారమని తోటివాళ్లు చెప్పేవాళ్లు. పెద్దగా మాట్లాడేది కాదు. టికెట్లు మాత్రం అచ్చ తెలుగులో, ఒక్క మాట ఎక్కువ లేకుండా రాసేది.

రెండో ఏడాది వానాకాలంలో సూరన్న మీద ఆమె రాసిన టికెట్టు నా ముందుకు వచ్చింది. మొదటి గడిలో, నమ్మకం నలభై ఉండగా వరద ఘట్టానికి వచ్చాను అని ఉంది. ఏం జరగాలి అన్నచోట, సూరన్న దూకాలి అని రాసింది. ఏం జరుగుతోంది అన్నచోట, ఆటగాడి మొహం చూస్తున్నాడు అని రాసింది. తీవ్రత ‘ఏ’ గ్రేడు.

నాకు ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నా పాత్రను తప్పంటుందా అని. ‘అనుకున్నట్టే ఉంది’ అని కొట్టి మూసేశాను. గంటలో అది మళ్లీ తెరుచుకుంది. మూసిన టికెట్టును టెస్టరు తెరవడం మా పద్ధతిలో లేదు. కింద ఒక వివరణ రాసింది. తమ వైపు ఏట్లో మనిషి పడితే దగ్గర్లో ఉన్న పడవ వెళ్లిపోవాల్సిందేనని, వల వేసి ఉంటే తాడు కోసేసి వెళ్తారని, పడింది ఎవరని అడగరని. వాళ్ల నాన్న అలా రెండుసార్లు వల వదులుకున్నాడట. రెండోసారి బయటికి లాగిన మనిషికీ ఆయనకూ అప్పటికి ఏళ్ల తరబడి మాటల్లేవట. ఒడ్డున దించాక కూడా మాట్లాడుకోలేదట. చివర్లో ఇలా ఉంది: “నమ్మకం డెబ్బై ఉంటేనే దూకేవాడు వీరుడు కాడండి. ఆటగాడికి కావలసినవాడు, అంతే. నమ్మకం తక్కువైనా సూరన్న దూకాలి. కావాలంటే ఒడ్డుకు చేర్చాక ఆటగాడితో మాట్లాడకుండా వెళ్లిపోవాలి.”

చదవగానే అది నిజమని నాకు తెలిసింది. ఈ సంగతి దాచి ఇదంతా రాయడంలో అర్థం లేదు. డబ్బింగులో పాతికేళ్లు మాటలు అతికినదాన్ని, ఏ మాట అతికిందో ఏది అతకలేదో చెవికి తెలుస్తుంది. సూరన్న నోట్లో నేను పెట్టిన ఆ మాట పడవవాడి మాట కాదు. మా కొట్లో అరువు అడిగినవాడికి చెప్పే జవాబు అది. తెలిసీ ఆ పిల్లను నా సీటు దగ్గరికి పిలిపించాను.

“ఏమ్మా, గేము ఆగిపోయిందా? కంప్యూటరు పేలిపోయిందా? మరి ‘ఏ’ గ్రేడు ఎందుకు పెట్టావ్?” అన్నాను, హాలంతా వినేలా.

“మనిషి మునిగిపోతోంది కదండీ,” అంది.

“ఇది గేమమ్మా. మీ ఊరి చేపల రేవు కాదు. ఇక్కడ వలలు విసరకు.”

హాలు ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ఆమె మొహం ఎర్రబడింది గానీ కళ్లు దించలేదు. “అలాగేనండి,” అని వెళ్లి సీట్లో కూర్చుని ఆడటం మొదలెట్టింది. టికెట్టు రెండోసారి మూసేశాను. వచ్చే నెల పొడిగింపుల కోసం విభాగాధిపతులు టెస్టర్ల మీద అభిప్రాయం రాయాలి. ఆమె పేరు ఎదుట ‘తన పని పరిధి తెలియదు’ అని రాశాను. నోరు పారేసుకోవడం ఒక తప్పు. అది కోపంలో జరిగింది. ఈ వాక్యం మాత్రం టీ తాగుతూ, నింపాదిగా రాశాను. కాంట్రాక్టు పొడిగించలేదు. నెలాఖరున ఆమె ఐడీ కార్డు ఇచ్చేసి వెళ్లిపోయింది.

తరవాత పది రోజులకే బయటివాళ్లతో ఆడించి చూశాం. విడుదలకు ముందు, ఎవరో తెలియని మనుషుల్ని కూర్చోబెట్టి ఆడించి, వాళ్లు ఏమంటారో రాసుకోవడం ఈ పనిలో తప్పనిసరి. వచ్చినవాళ్లలో చాలామంది వరద ఘట్టం దగ్గర మొహం చిట్లించారు. ఒక డిగ్రీ కుర్రాడు లేచి, తను చుట్టలు ఇవ్వలేదని చంటిబిడ్డను వదిలేశాడు, వీడు హీరో ఏంటండీ అని అడిగేశాడు. ప్రొడ్యూసర్ నా వైపు తిరిగాడు. ఏం చేద్దాం మేడం అన్నాడు.

నేను ఒక్క క్షణం ఆలోచిస్తున్నట్టు పైకి చూశాను. ఆలోచించడానికి ఏమీ లేదు. “దూకాలి,” అన్నాను. “ఎవరని అడగకుండా దూకాలి. నమ్మకం తక్కువైతే, ఒడ్డుకు చేర్చాక ఆటగాడితో మాట్లాడకుండా వెళ్లిపోవాలి.” ఒక్క అక్షరం నాది కాదు. ప్రొడ్యూసర్ బల్ల చరిచి, “ఇది కదా మేడం గోదావరి మనిషంటే!” అన్నాడు. మిగిలిన అయిదుగురు టెస్టర్లూ అక్కడే ఉన్నారు. వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని తలలు దించుకున్నారు. నేను కిక్కురుమనలేదు. ఆ టికెట్టు ఫలానా అమ్మాయి రాసిందని, వెనక్కి పిలవండని అప్పుడు ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే, ‘పరిధి తెలియదు’ అని ఎందుకు రాశారని అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడ్డాను.

గేము విడుదలయ్యాక జనం ఎక్కువగా చెప్పుకున్నది సూరన్న మాట్లాడకుండా వెళ్లిపోయే ఆ ఘట్టం గురించే. యూట్యూబులో ఎవరో ఇంటర్వ్యూ చేసి, ఆ ఆలోచన ఎలా వచ్చిందని అడిగారు. ఇక్కడి మనుషుల్ని చిన్నప్పట్నుంచి చూశాను కదా అన్నాను. ఇప్పటికీ ఆ వీడియో ఉంది. దాన్ని చూడటానికి నాకు మొహం చెల్లదు. గేము చివర వచ్చే పేర్ల జాబితాలోనూ వీరలక్ష్మి లేదు. విడుదల నాటికి ఉద్యోగంలో లేని టెస్టర్ల పేర్లు వేయకూడదని నియమం. ఆ జాబితా కింద సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

రిటైరవడానికి వారం ముందు ఒక టెస్టరు దగ్గర అడ్రసు తీసుకుని నరసాపురం వెళ్లాను. ఆమె అక్కడ ఒక నెట్ సెంటర్లో అప్లికేషన్లు నింపే పనిలో ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది, కుర్చీ వేసింది, మంచినీళ్లు ఇచ్చింది. గేము ఆడావా అని అడిగితే, ఆడానండి, దూకాడు కదండీ, బావుందండి అంది. వెళ్తూ దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ చెప్పాను. అది నీ ఆలోచనేనని, నేను దొంగిలించానని, ఉద్యోగం పోవడానికి నా వాక్యమే కారణమని. క్షమించమని అడిగాను.

ఆమె నెమ్మదిగా అంది. “ఆలోచన ఎవరిదైతే ఏంటండి, దూకాడు, అది చాలు. ఉద్యోగం పోయినందుకు మా ఇంట్లో చాలా ఇబ్బంది పడ్డాం, అదీ అయిపోయింది. కానీ మీరు ఆరోజు అన్న మాట ఉంది చూశారా, మా ఊరి చేపల రేవని. అది అందరి ముందూ అన్నారండి. ఇప్పుడు ఇక్కడ నాకొక్కదానికే చెప్తే ఎలాగండీ?”

చెప్తానమ్మా, అందరి ముందే చెప్తాను అని మాటిచ్చి వచ్చేశాను.

తరవాతి శుక్రవారం స్టూడియోలో నా వీడ్కోలు సభ. హాలు నిండా ఆరోజు నవ్విన మనుషులే. శాలువా కప్పారు. సూరన్న బొమ్మ ఫ్రేము కట్టించి ఇచ్చారు. ప్రొడ్యూసర్ ఆ వరద ఘట్టం గురించే మాట్లాడి నన్ను ఆకాశానికెత్తాడు. మైకు నా చేతికి వచ్చింది. ఆమె పేరు గొంతు దాకా వచ్చింది. నలభై మొహాలు చూశాను, మెడలో శాలువా చూసుకున్నాను. అందరికీ ధన్యవాదాలు చెప్పి కూర్చున్నాను.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇదీ. సహచరుడు ఎప్పుడు వీరుడౌతాడో టికెట్టులో చూపించిన మనిషి స్టూడియోలో అందరికంటే కింది మెట్టు మీద ఉంది. పై మెట్టు మీద కూర్చుని, నిజమని తెలిసీ మూసేశాను. టికెట్టు మూసే అధికారం ఉన్నవాళ్లు, అది రాసినవాళ్ల భవిష్యత్తు గురించి అభిప్రాయం రాయకూడదు. ఆ రెండూ ఒకే చేతిలో ఉంటే ఏమౌతుందో నేను చేసి చూపించాను. స్టూడియోకు ఈ మాట ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

వీరలక్ష్మితో నేను అన్న ఆ మాట తప్పు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఆరోజు హాల్లో నవ్వినవాళ్లు ఇది చదువుతారో లేదో తెలియదు. కాబట్టి చేస్తానని మాటిచ్చిన పనిలో ఇది సగమే.