ఎనిమిదో పేజీ అడుగున

నిన్న మధ్యాహ్నం పోస్టులో మా ఫార్మసీ కాలేజీ పత్రిక వచ్చింది. ఎనిమిది పేజీలు, నున్నటి కాగితం, పై మూలన విశ్వవిద్యాలయం ముద్ర. ఈ రోజుల్లో అందరికీ ఫోన్లోకే పంపిస్తున్నారు గానీ రిటైరైన వాళ్లకు మాత్రం ఇంకా కాగితమే వస్తుంది. మాకు ఫోన్లో చదవడం రాదని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని పాడు చేయడం నాకూ ఇష్టం లేదు. కర్నూలు ఎండకు భయపడి వీధి తలుపు వేసుకుని, ఫ్యాను కింద కూర్చుని, అలవాటు ప్రకారం చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. ఇదేం చదువని మా ఇంట్లో వాళ్లు నవ్వుతారు. పంతొమ్మిదేళ్లు ఆ పత్రికకు నేనే సంపాదకురాలిని. ఎవరి కంటా పడకూడదనుకున్నవన్నీ ఎనిమిదో పేజీ అడుగున పెట్టేదాన్ని. అందుకే ఏ పత్రిక చేతికొచ్చినా, ఎవరు ఏం దాచారోనని ముందు అక్కడే చూస్తాను.

దాచాల్సినవి ఎక్కువ ఉండేవి కాదు లెండి. పత్రిక నిండా ‘వార్తలు - విజయాలు’ ఉండేవి. ఎవరికి ఏ సదస్సులో బహుమతి వచ్చింది, ఎవరికి పై చదువుకు సీటు వచ్చింది, ఎవరు రక్తదానం చేశారు, ఏ మందుల కంపెనీ వాళ్లు వచ్చి ఎంతమందిని తీసుకున్నారు. మా ప్రిన్సిపాల్ గారికి ప్రతి పేజీలోనూ తన ఫొటో ఉండాలని కోరిక. అది ఆయన నోటితో ఎన్నడూ అనలేదు, పేజీలు తిప్పి తిప్పి చూసి నిట్టూర్చేవారు. పిల్లల తల్లిదండ్రులు మాత్రం ఆ పేజీలను కత్తిరించి ప్లాస్టిక్ తొడుగు వేయించుకునేవారు. ఒక కాగితం ముక్క మీద కూతురి పేరు అచ్చులో చూసుకుని కళ్లు తుడుచుకున్న తండ్రులను నేను చూశాను. అందువల్ల మొదటి పేజీ అంటే నాకు కొంచెం గర్వం, అది నా చేతుల్లో ఉందని ఇంకాస్త గర్వం.

మా విభాగం మూలికలది. కాలేజీ వెనక మందుమొక్కల తోట ఒకటి ఉండేది. దాన్ని చూసుకునే ఆయనను పిల్లలందరూ తోట తాత అనేవారు. వినీ వినీ మేమూ అలాగే పిలిచేవాళ్లం. ఆయన నాకంటే రెండేళ్లు చిన్నవాడని ఒకసారి సర్వీసు రిజిస్టరులో చూశాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. గండికోట దగ్గర పల్లె ఆయనది. ఆదివారం చర్చికి తెల్లచొక్కా, మిగతా ఆరు రోజులూ మోకాళ్ల దాకా మట్టి. పదో తరగతి దాటలేదు గానీ వాళ్లమ్మ ఊరందరికీ పసరు పోసిన మనిషి కావడంతో ఆకు చూస్తే చాలు, ఇది ఎక్కడి మట్టిలో పెరిగిందో కూడా చెప్పేవాడు. మేము లాటిన్ పేర్లు చెబుతుంటే మర్యాదగా వినేవాడు, చుట్టాల పిల్లవాడు పాఠం ఒప్పజెబుతుంటే విన్నట్టు.

ఏటా పిల్లలను మొక్కలు చూపించడానికి గండికోట తీసుకుపోయేవాళ్లం. ఒక ఏడు అక్కడ, కింద పెన్న కనిపించే అంచున, నేను పత్రిక కోసం అందరినీ వరసల్లో నిలబెట్టి ఫొటో తీయిస్తున్నాను. తోట తాత ఇద్దరు ముగ్గురు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఏదో కలుపు మొక్క పెరికి చూపిస్తున్నాడు. “ఇది నేల ఉసిరికి చెల్లెలు. మొకం ఒకటే, గుణం వేరే. శానామందికి తేడా తెలీదు” అంటున్నాడు. “తాతా, ఆ పిల్లలను ఇటు పంపించు, వెలుతురు పోతోంది” అని కేక వేశాను. ఫొటో బాగా వచ్చింది. మొదటి పేజీలోనే వేశాను.

ఆ తర్వాతి ఏడాది వేంపల్లె అమ్మాయి ఒకతె ఎం.ఫార్మసీలో నా దగ్గర చేరింది. వాళ్ల నాయనకు వేంపల్లెలో కిరాణా అంగడి. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ ఉన్న పిల్ల. పచ్చకామెర్లకు మన వాళ్లు వాడే నేల ఉసిరి, కాలేయానికి చేసే మేలు ఎంతో తేల్చాలని పని మొదలుపెట్టింది. మా చదువులో ఒక ఆచారం ఉంది. ఏ మొక్క మీద పని చేసినా ముందు దాన్ని వేరుతో సహా పెరికి, పాత పేపర్ల మధ్య అదిమి ఆరబెట్టి, దళసరి అట్ట మీద అంటించి, ఇది ఫలానా మొక్కేనని వృక్షశాస్త్రం తెలిసిన పండితుడి చేత సంతకం పెట్టించుకోవాలి. ఆ అమ్మాయి మా తోటలోని నేల ఉసిరిని పెరికి, అట్ట కట్టి, సంతకం చేయించింది. అంతవరకూ అంతా శాస్త్రోక్తమే. కానీ పనికి కిలోల లెక్కన కావాలి, తోటలో ఉన్నది రెండు గుప్పెళ్లు. అప్పుడు నేనే పాత ఊళ్లో మూలికలమ్మే శెట్టిగారికి ఫోన్ చేసి ఎండిన నేల ఉసిరి ఒక గోతం తెప్పించాను. ఆ సంతకం అట్ట మీద అంటించిన మొక్కకే వర్తిస్తుందని, గోతంలో వచ్చిన దానికి కాదని ఆ పిల్లకు తట్టకపోవచ్చు. ముప్పై ఏళ్లు అదే పాఠం చెప్పిన నాకు తట్టకపోవడానికి మాత్రం సాకు లేదు.

ఫలితాలు బ్రహ్మాండంగా వచ్చాయి. పక్క రాష్ట్రంలో పెద్ద సదస్సు జరిగితే ఆ అమ్మాయి పత్రానికి మొదటి బహుమతి ఇచ్చారు. మొదటి పేజీలో సగం దాకా ఆమె ఫొటో వేశాను, పక్కనే నాదీ, వెనక ప్రిన్సిపాల్ గారిదీ. వేంపల్లెలో వాళ్ల నాయన ఆ పేజీకి ఫ్రేము కట్టించి అంగట్లో తక్కెడ పైన తగిలించాడని విన్నాను. ఆ బహుమతి చూసే ఒక పేరున్న పరిశోధన సంస్థ వాళ్లు పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు పిలిచారు. అలాంటి చోటికి మా కాలేజీ నుంచి అంతకు ముందు ఎవరూ పోలేదు.

ఇంటర్వ్యూ ఇంకా పది రోజులు ఉందనగా ఆ అమ్మాయి ల్యాబు సర్దుకుని, మిగిలిన సరుకును ఎరువుగుంటలో పోయమని తోట తాతకిచ్చింది. గంట తర్వాత ఇద్దరూ కలిసి నా గదికి వచ్చారు. తోట తాత చేతిలో ఎండు మొక్క ఒకటి ఉంది.

“మేడం, ఇది నేల ఉసిరి కాదు” అన్నాడు. “నేల ఉసిరికి నడిమి కాడ మింద ఆకులుండవు, పక్క రెమ్మలకే ఉంటాయి. దీనికి చూడండి, కాడకీ ఆకులుండాయి. ఇది చెల్లెలు.”

ఆ అమ్మాయి అప్పటికే విత్తనాలను మైక్రోస్కోపు కింద పెట్టి వచ్చింది. “నేల ఉసిరి గింజకు గీతలుండాల మేడం. దీనికి చుక్కలుండాయి. గోతమంతా ఇదే” అంది. 

శెట్టిగారికి ఫోన్ చేశాను. ఆయన పాపం నిజాయితీగానే, “మా నాయన కాలం నుంచి దీన్ని ఈ పేరుతోనే అమ్ముతాండాము మేడం, ఎవరూ ఏమీ అనలేదే” అన్నాడు. అంగడిలో రెండింటికీ ఒకటే పేరు, ఒకటే గోతం. ఫోన్ పెట్టేసి నేను అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. “ముందు ఇంటర్వ్యూ కానీ. తర్వాత చూద్దాం.” ఆ పిల్ల ఎండు మొక్కను తీసుకుని పోయింది. మర్నాడు సదస్సు వాళ్లకు రాసిన ఉత్తరం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పరీక్షించిన మొక్క వేరు, పత్రం వెనక్కి తీసుకుంటున్నాము, బహుమతి తిరిగి పంపుతున్నాము, అంతే. కింద ఆమె సంతకం, పక్కన నా సంతకానికి ఖాళీ.

మూడు రోజులు ఆ ఉత్తరాన్ని సొరుగులో పెట్టుకున్నాను. ఆ పిల్ల భవిష్యత్తు కోసమే ఆపుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. కొంత నిజమే. మిగతాది మొదటి పేజీలో ఆమె పక్కనున్న నా ఫొటో. నాలుగో రోజు పొద్దున్నే తోట తాత వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

“పాప రోజూ తోటలోకొచ్చి కూచోని పోతాండాది మేడం. నేను చెప్పకుండా ఉండాల్సిందేమో. గుంటలో పోసేసుంటే అయిపోయేది.”

నాకు సిగ్గేసింది. ఆ మనిషి జీవితంలో మొక్క పేరు తప్పు చెప్పి ఉండడు. అలాంటి వాడు నిజం చెప్పినందుకు నొచ్చుకుంటున్నాడు, అదీ నా మూలంగా. ఆ అమ్మాయిని పిలిపించి ఆమె ముందే సంతకం పెట్టాను. ఇంట్లో ఏమన్నారని అడిగాను.

“మా నాయనకు చెప్పినా మేడం. తూకం తప్పిందని తెలిసినాంక సరుకు కట్టియ్యకూడదమ్మా, అన్న్యాడు. ఫ్రేములో కాగితం తీసి, అద్దం తుడిచి లోపల పెట్టినాడు. మళ్లా పనికొస్తాదంట.”

ఇంటర్వ్యూలో ఆ పత్రం గురించే అడిగారు. జరిగింది జరిగినట్టు చెప్పింది. వాళ్లు మెచ్చుకుని, సీటు ఇంకొకరికి ఇచ్చారు. ఆమె కడపలో ఒక మందుల షాపులో ఏడాది పాటు నిలబడి చీటీలు చదివింది. సాయంత్రాలు అక్కడి ఒక కాలేజీ ల్యాబులో ఆ చెల్లెలు మొక్క మీదే, దాని సొంత పేరుతో, పని మళ్లీ మొదటి నుంచి చేసింది. పీహెచ్‌డీ సీటు ఆ తర్వాత ఎక్కడో చిన్న చోట వచ్చింది.

కాలేజీ వదిలి పోయే ముందు ఒక్కటే అడిగింది. “గెలిచినప్పుడు పేపర్లో వేసినారు గదా మేడం. ఇది గూడా వెయ్యండి.” ప్రిన్సిపాల్ గారు వద్దన్నారు, కాలేజీ పరువు అన్నారు. నేను మధ్యేమార్గం కనిపెట్టాను, సంపాదకులకు అదొక జబ్బు. ఎనిమిదో పేజీ అడుగున, రక్తదాన శిబిరం వార్త కింద, చీమలంత అక్షరాల్లో వేశాను: ‘మా విభాగానికి చెందిన ఒక పరిశోధనా పత్రం సాంకేతిక కారణాల వల్ల ఉపసంహరించబడింది.’ పేరు లేదు, మొక్క లేదు, మనిషి లేడు. ఆ అమ్మాయి కడప నుంచి ఫోన్ చేసి, “సాంకేతిక కారణాలంటే ఏంది మేడం?” అని మాత్రం అడిగింది. ఏదో చెప్పాను. ఏం చెప్పానో నాకే గుర్తులేదు.

ఇదంతా జరిగి పన్నెండేళ్లయింది. ఆ అమ్మాయి ఇప్పుడు మా విభాగంలోనే, నా కుర్చీలోనే పాఠాలు చెబుతోంది. పత్రిక కూడా ఆమే చూస్తోంది. నిన్న ఎనిమిదో పేజీలో వెతికితే దాచినదేమీ కనిపించలేదు, కవాతు ఫొటో ఒకటీ తోటలో కొత్తగా నాటిన మొక్కల జాబితా ఒకటీ ఉన్నాయి. అలా వెనక నుంచి వస్తూ వస్తూ మొదటి పేజీ తిప్పాను. అక్కడ, ‘విజయాలు’ అన్న శీర్షిక కింద, అన్నిటికంటే పైన, ఎం.ఫార్మసీ రెండో ఏడాది చదివే ఒక అమ్మాయి ఫొటో ఉంది. బహుమతి ఏదీ రాలేదు. బజారు నుంచి తెచ్చిన గోతంలోని సరుకు, అట్ట మీది మొక్క ఒకటి కావని తానే కనిపెట్టి, ఆర్నెల్లు చేసిన పనిని ఆపేసిందట. పక్కన, గోతంలోని మొక్క ఏదో గుర్తు పట్టినవారు అని, రిటైరైనా వారానికోసారి తోటకు వచ్చి పోయే తోట తాత ఫొటో వేసి, కింద ఆయన అసలు పేరు ఇంటిపేరుతో సహా అచ్చు వేసింది. పంతొమ్మిదేళ్లలో ఆ పేరు నేను ఒక్కసారి కూడా వేయలేదు.

పత్రిక మడవకుండా చాలాసేపు ఒళ్లో పెట్టుకున్నాను. ఎనిమిదో పేజీ అడుగు నుంచి మొదటి పేజీ పైకి రావడానికి ఆ నిజానికి పన్నెండేళ్లు పట్టింది. ఆనాడు నేనే చేసి ఉంటే నాలుగు నిమిషాల పని.