వి-ఎయిట్ పెద్దాయన

షెడ్డులో అందరూ ఆయన్ని వి-ఎయిట్ పెద్దాయన అంటారు. ఇరవయ్యారేళ్లుగా ఆయన నడిపే లారీది ఎనిమిది సిలిండర్ల ఇంజను, నాలుగు ఇటూ నాలుగు అటూ ఒరిగి వి ఆకారంలో ఉంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేసి దిగి, చొక్కాకు చెయ్యి తుడుచుకుని, బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంటాడు. "ఎడమపక్క మూడోది సరిగా కొట్టడం లేదు, చూడు" అంటాడు. విప్పి చూస్తే అదే. "నీ చెవికి దండం పెట్టాలి బాబాయ్!" అంటాడు మెకానిక్. ఆ మాటను ఆయన మెకానిక్ పెదవుల మీదే చదువుకుంటాడని భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. వినికిడి పోయి రెండేళ్లవుతోంది. "అద్దాలు చూసుకుంటూ పోండి" అని ఆవిడ రోజూ వాకిట్లో నిలబడి చేతులతో చెబుతుంది. ఆయన ఒక్కో అద్దాన్నీ మూడేసి సార్లు తుడుస్తాడు.

నిన్న ఆ లారీని తుక్కుకు పంపేశారు. ఇవాళ కొత్తది ఇచ్చారు. చూడ్డానికి షెడ్డంతా చుట్టూ చేరింది. పెద్దాయన తాళం తిప్పి స్టీరింగు మీద అరచెయ్యి ఆనించాడు. అదురేమీ తగల్లేదు. మెత్తటి సీటు కింద నడుముకూ ఏమీ తెలియలేదు. అంటుకోలేదేమోనని మళ్లీ తిప్పాడు. నడుస్తున్న ఇంజనులో స్టార్టరు పళ్లు కీచుమని అరిచాయి. అందరూ ఉలిక్కిపడి చెవులు మూసుకున్నారు. వెనక నుంచి మెకానిక్ "ఆపు బాబాయ్, ఆపు!" అని కేకలు పెడుతూ పరిగెత్తుకొస్తున్నాడు.

"కొత్త బండి కదా, కాస్త మొండికేస్తోంది" అని ఎదుటివాళ్లకు నవ్వుతూ చెప్పి, పెద్దాయన మూడోసారి తాళం తిప్పాడు.