జైరాం గోడమీది రాష్ట్రపతులు

మా తండా జైరాంకు ఉన్న పిచ్చి ఒక్కటే, రాష్ట్రపతులు. రాష్ట్రపతి సంతకం చేసిన ఫొటో ఎక్కడో ఉందని వింటే ఆయనకు అన్నం సహించదు. ఢిల్లీకి ఉత్తరాలు రాయించి తెప్పించినవి కొన్ని, పాతసామాన్ల కొట్లలో బేరమాడి తెచ్చినవి కొన్ని. రాష్ట్రపతి భవన్ విందులో వాడిందని చెప్పి ఎవరో అంటగట్టిన సాసరు కూడా ఒకటి ఉంది. కప్పు ఏమైందని అడిగితే, "గా కప్పు ఆయన దగ్గర్నే ఉండొచ్చు సారూ" అనేవాడు.

జూలూరుపాడు దాటాక అడవి మొదలయ్యే చోట నేను బ్రాంచి పోస్టుమాస్టర్ని. ఆ ఢిల్లీ కవర్లను వానలో చొక్కా లోపల దాచుకుని మోసింది నేనే. నాకసలు మనుషుల సంతోషం మీదే పెద్ద నమ్మకం లేదు. ఇల్లు కారుతుంటే తన మంచం తడవనిచ్చి రాష్ట్రపతికి గొడుగు పట్టే మనిషిని చూస్తే ఒళ్లు మండేది.

మా వైపు గోడమీద ఫ్రేము కట్టిన ఫొటో ఉందంటే ఆ మనిషి పోయినట్టే లెక్క. జైరాం కూతురు సోనిని చూడటానికి ఖానాపురం హవేలి నుంచి వచ్చిన పెళ్లివారు గోడవైపు చూసి నిట్టూర్చారు.

"పాపం, ఎప్పుడు పోయిండు?"

"పోలే. రిటైరయిండు."

పక్కింటి ఆదెమ్మ ఓసారి జాలిపడి ఒక ఫొటోకు బంతిపూల దండ వేసింది. జైరాం పరుగున వచ్చి తీసేశాడు. "ఆయన ఇంకా బతికే ఉన్నడు, ఆదెమ్మా."

అంతటితో ఊరుకుంటే బాగుండేది. తండాలో ఏ ముసలివాళ్లు కనబడినా ఇంట్లోకి పిలిచి, చేతికి రాష్ట్రపతిని ఇచ్చి, సెల్లులో ఫొటో తీసేవాడు. "ఏం పనిలేని పని జైరాం" అని నేను విసుక్కునేవాణ్ని. నన్నూ రమ్మంటే పని ఉందని తప్పించుకునేవాణ్ని.

ఈ వానాకాలం తండాలో ముసలి హేమ్లి పోయింది. ఆమె కొడుకు కోటేష్ సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు కూలీ. కబురు విని బయల్దేరినా, వాగు పొంగి రోడ్డు మునిగిపోవడంతో మధ్యలోనే ఆగిపోయాడు. శవాన్ని ఇక ఉంచడానికి వీల్లేక ఇక్కడివాళ్లు దహనం చేసేశారు. అతను వచ్చేసరికి బూడిదే మిగిలింది. తల్లి ముఖం కడసారి చూడలేదు. దినం నాటికి పెట్టుకోవడానికి ఒక్క ఫొటో కూడా లేదు. ఆధార్ కార్డు ఫొటోను పెద్దది చేయిస్తే మబ్బు పట్టినట్టు వచ్చింది. ఆ మబ్బును ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కోటేష్‌ను చూడలేకపోయాను.

అప్పుడు జైరాం వచ్చి సెల్లు అతని చేతికిచ్చాడు. అందులో హేమ్లి ఉంది. తల నున్నగా దువ్వుకుని, రాష్ట్రపతిని గుండెలకు హత్తుకుని, పళ్లు లేని నోటితో నవ్వుతోంది. కోటేష్ దాన్ని చూస్తూ చాలాసేపు ఏడ్చాడు.

నేను జైరాంను బయటికి పిలిచి, ఈ ఫొటోల సంగతేమిటని అడిగాను.

"ఒట్టిగ దిగమంటే దిగరు సారూ. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతదని భయం. రాష్ట్రపతి పక్కన అంటే తల దువ్వుకొని మరీ వస్తరు." చూరు నుంచి కారే నీళ్లకు చెయ్యి పట్టి ముఖం తుడుచుకున్నాడు. "మా అమ్మకు ఫొటో లేదు. ముఖం మరిచిపోతున్న."

అన్నేళ్లు విసుక్కున్నందుకు సిగ్గేసింది.

దినం నాడు ఆ ఫొటో ఫ్రేము కట్టి పెట్టారు. రాష్ట్రపతిని కత్తిరిద్దామని స్టూడియోవాళ్లు అంటే కోటేష్ ఒప్పుకోలేదట. "మా అమ్మ నవ్విందే ఆయన్ను పట్టుకొని" అన్నాడట. అతను దండ పట్టుకుని లేచేసరికి జైరాం కంగారుగా ముందుకొచ్చాడు.

"జర పైకి కట్టు బిడ్డా. అమ్మకే వెయ్యి. ఆయన ఇంకా బతికే ఉన్నడు."

కోటేష్ ఏడుస్తూనే నవ్వాడు. దండ పొట్టి చేసి తల్లి ముఖం చుట్టూ కట్టాడు.

వెళ్లబోతుంటే జైరాం నా చెయ్యి పట్టుకున్నాడు. "సారూ, రేపు పొద్దున మీరు కూడ రండి. తల దువ్వుకొని."

"నేనింకా బతికే ఉన్న కదయ్యా."

"అందుకే రమ్మంటున్న."