బేస్‌మెంట్‌లో బార్

అమెరికాలో, మా ప్లెయిన్స్‌బరో చుట్టుపక్కల మనవాళ్ళు ఇల్లు కొంటే ముందు చూపించేది దేవుడి గది, ఆ తర్వాత బేస్‌మెంట్‌లో బార్. రెండింటి మధ్యా మెట్లు, మెట్లకి ఒక తలుపు. ఆ తలుపు ఎందుకుందో నాకు ఒక శనివారం మధ్యాహ్నం తెలిసొచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పటికి నా ఉద్యోగం పోయి నలభై రోజులు. పోయిన రోజు నుంచి అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే మా ఆయన ఉద్యోగం మీద ఆధారపడే డిపెండెంట్ వీసాకి మారి, పని చేసే హక్కు లేకుండా ఇంట్లో కూర్చోవాలి. మందుల కంపెనీల్లో పదకొండేళ్ళు డేటా పని చేసినదాన్ని. మా ఆయన స్నేహితుడి కొత్తింటి పార్టీకి ఒక ఫార్మా కంపెనీ డైరెక్టర్ వస్తున్నాడనీ, ఆయన టీమ్‌లో సరిగ్గా నా పనికే ఖాళీ ఉందనీ తెలిసింది. "నా సంగతి ఆయనతో చెప్పండి" అని మా ఆయనకి కార్‌లో రెండుసార్లు చెప్పాను.

ఇంటాయన అందరికీ బార్ చూపించాడు. నల్లరాయి కౌంటరు, కిటికీ లేని గోడలు, పెద్ద టీవీ, కాళ్ళు నేలకానని ఎత్తు స్టూళ్ళు నాలుగు.

"సీలింగ్‌కి సౌండ్‌ప్రూఫింగ్ చేయించానండీ. పైన లేడీస్ డిస్టర్బ్ అవరు," అన్నాడు.

ఎంత దయ! చీర కట్టుకున్నవాళ్ళు ఎక్కలేని ఆ స్టూళ్ళు చూసినప్పుడే నాకు అర్థం కావలసింది. మగవాళ్ళు కిందే ఉండిపోయారు, మేం పైకి వచ్చేశాం. ఎవరూ పొమ్మనలేదు. అలవాటు, అంతే. బుద్ధిలేక నేనూ వచ్చాను.

గంటకి మా ఆయన చికెన్ వేపుడు కోసం పైకొచ్చాడు.

"చెప్పారా?"

"మూడ్ చూసి చెప్తాలే, తొందరపడకు."

ఇంకో గంట గడిచింది. కింద ఏం మాట్లాడుకుంటున్నారో ఒక్క ముక్క వినపడదు. నా బతుకు అక్కడ తేలుతుంటే, నేను పైన పెరుగన్నంలో దానిమ్మ గింజలు కలుపుతున్నాను. చివరికి వేపుడు గిన్నె పట్టుకుని నేనే దిగాను.

నన్ను చూసి ఒకాయన గ్లాసు కౌంటరు వెనక దాచాడు, నేనేదో హెడ్‌మిస్ట్రెస్ అయినట్టు. డైరెక్టర్‌గారి ముందు నిలబడి నా పని, నా అనుభవం చెప్పాను.

"అయ్యో, కాస్త ముందు చెప్పి ఉంటే బాగుండేదమ్మా," అన్నాడాయన. "ఈయన తమ్ముణ్ణి తీసుకుంటానని ఇందాకే మాటిచ్చేశాను."

పక్క స్టూలు మీదాయన తలూపాడు. మా ఆయన గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"మీరు పైన కూర్చోండమ్మా, ఇక్కడ మీకు కంఫర్టబుల్‌గా ఉండదు," అన్నాడు ఇంటాయన.

"ఎవరి కంఫర్ట్ కోసం కట్టారో కనిపిస్తూనే ఉందండీ," అని గిన్నె కౌంటరు మీద పెట్టి వచ్చేశాను.

మిగిలిన ఇరవై రోజుల్లో నాకు ఏదీ దొరకలేదు.

ఈ మధ్య మేమూ ఇల్లు కట్టిస్తున్నాం. బేస్‌మెంట్‌లో బార్ కావాలన్నాడు మా ఆయన. ఇంట్లో కూర్చున్నదాన్ని కదా, కావలసినంత తీరిక. బిల్డర్ ఇచ్చిన ప్లాన్ మీద బార్‌ని పెన్సిల్‌తో నేనే గీశాను: పై అంతస్తులో, వంటింటికి ఆనుకుని, తలుపు లేకుండా, మామూలు కుర్చీలతో.

"దేవుడి గదికి ఎదురుగానా?" అన్నాడు బిత్తరపోయి.

"అవును. ఎవరి ఉద్యోగం ఎవరికిస్తున్నారో ఆయన కూడా వింటాడు," అన్నాను.